నలభై ఒక్క పేలికలు

అడవిలో చెత్త ఏరించడం కూడా ఒక ఉద్యోగమేనా అని నన్ను అడగని చుట్టం లేడు. ఉద్యోగమే. పద్నాలుగేళ్ళు దాని మీదే బతికాను. మోకాళ్ళు మొండికేయడంతో వదిలేశాను. ఇప్పుడు ఈ పనిలో కొత్తగా చేరినవాళ్ళు ఫోన్ చేసి సంచులు ఎన్ని పట్టుకెళ్ళాలి, బస్సు ఎంతకు మాట్లాడుకోవాలి అని అడుగుతున్నారు. అవి చెప్పడం తేలిక. మనిషికి రెండు సంచులు, జట్టుకు మరో రెండు అదనం. పదిమందికి ఒక నీళ్ళ డబ్బా. గాజు పెంకులకు సంచి పనికిరాదు, బకెట్టు కావాలి. వాళ్ళు అడగనిది ఒకటుంది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను చదివింది ఏడో తరగతి. జగిత్యాల పక్క పల్లె నుంచి పంతొమ్మిదో ఏట సూరత్ వచ్చాను. భేస్తాన్‌లో ఆరేళ్ళు మగ్గం నడిపాను. తర్వాత ఒక మిల్లులో తాకాలు లెక్కపెట్టే పని దొరికింది. మగ్గం నుంచి దిగిన బట్టను ఇక్కడ తాకాలుగా లెక్కిస్తారు. శాతాలు, సగటులు నాకు ఎవరూ నేర్పలేదు. పాత క్యాలెండర్ కాగితాల వెనక చేసి చేసి నేర్చుకున్నాను. లారీని చూసి అందులో ఎన్ని తాకాలున్నాయో చెబితే నాలుగైదుకు మించి తేడా వచ్చేది కాదు. అడవి శుభ్రం చేయించే ఒక ట్రస్టుకు, ఎంత చెత్త వచ్చిందో నమ్మకంగా చెప్పే మనిషి కావలసి వచ్చి నన్ను పిలిచారు. కార్డు మీద ఏదో పెద్ద పేరు రాశారు గానీ, మావాళ్ళంతా నన్ను లెక్కలన్న అనేవారు.

సూరత్ నుంచి బార్డోలీ మీదుగా తూర్పుకు మూడున్నర గంటలు పోతే ఆ అభయారణ్యం వస్తుంది. టేకు, వెదురు, ఇప్ప చెట్లు. మధ్యలో ఒక వాగు, ఆ వాగుకు చిన్న జలపాతం. వానాకాలంలో ఆదివారమైతే నగరమంతా అక్కడే ఉన్నట్టుంటుంది. వానలు వెళ్ళాక జనం వెళ్ళిపోతారు, వాళ్ళు తెచ్చినవి ఉండిపోతాయి. నీళ్ళ సీసాలు, చిప్స్ కవర్లు, థర్మకోల్ పళ్ళేలు, ఎవరిదో ఒంటి చెప్పు. వాటిని బయటికి మోయించడం నా పని.

ఎవరు వస్తారు

మొదట వచ్చేది డాక్టర్లు, కంప్యూటర్ ఉద్యోగులు, కాలేజీ పిల్లలు. మంచివాళ్ళే. చేతి తొడుగులు వాళ్ళే కొనుక్కుని వస్తారు. కానీ పదిమంది వస్తే రెండోసారి వచ్చేది ఇద్దరు. ఇది నా పుస్తకంలోని లెక్క, నింద కాదు. మళ్ళీ మళ్ళీ వచ్చింది భేస్తాన్, నవాగామ్‌లలోని మగ్గం పనివాళ్ళు, మా కరీంనగర్, జగిత్యాల వైపు వాళ్ళు. వారానికి ఒక్క సెలవు, అది కూడా దీనికెందుకు పోగొట్టుకుంటున్నావని రాజమల్లును ఒకసారి అడిగాను. అతను భేస్తాన్ జట్టుకు పెద్ద. పన్నెండు గంటల షిఫ్టులో పన్నెండు మగ్గాలు చూసే మనిషి.

"ఆడ చెవులు ఖాళీగుంటయన్నా," అన్నాడు. "మగ్గం బందైనంక గూడ నా చెవులల్ల నడుస్తనే ఉంటది. గా వాగు కాడికి పోతెనే బందైతది."

మగ్గం మనిషికి పని అంటే లెక్క. ఎంత బట్ట దిగితే అంత కూలి. నేనూ అందులోంచి వచ్చినవాణ్ణే కాబట్టి ఆ అలవాటును వాడుకున్నాను. భేస్తాన్ ఒక జట్టు, నవాగామ్ ఒక జట్టు. సాయంత్రం బస్సెక్కే ముందు ఎవరివి ఎన్ని సంచులో గట్టిగా చదివేవాణ్ణి. గెలిచినవాళ్ళకు ఏమీ ఇచ్చేది లేదు. అయినా మొదటి ఏడాదే సంచులు ఇంచుమించు రెట్టింపయ్యాయి. మా ట్రస్టు పెద్దాయన, ఆయన్ని సార్ అనే రాస్తాను, ఆ అంకెలు చూసి నా భుజం తట్టారు.

రెట్టింపైన సంచుల్లో ఏముందో చూద్దామని ఒకరోజు ఒకటి బోర్లించాను. సగానికి పైగా టేకు ఆకులు.

"రాజమల్లూ, ఈ ఆకు ఏ కంపెనీ తయారుచేసింది?"

"పైన కూసున్నోడి కంపెనీ అన్నా. నవాగామోళ్ళు ముందలికి పోతున్నరు. సంచికి జర ఆసరా చేసిన."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వి ఊరుకోకుండా ఒక సూత్రం పెట్టాను. మనిషి చేసినదే సంచిలోకి పోవాలి, మనిషి చేసినది ఏదైనా సంచిలోకి పోవాలి. మొదటి సగం సరైనదే. రెండో సగం ఎంత తప్పో తెలియడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

గట్టు మీది పేలికలు

ఆ మూడో ఏడు వాగుకు పెద్ద వరద వచ్చింది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన చీరలు, చున్నీలు తలెత్తు కొమ్మలకు చుట్టుకుని ఎండిపోయాయి. ఒక కొండముచ్చు కాలికి బట్ట బిగుసుకుని కుంటుతుంటే గార్డు దాన్ని పట్టుకుని ఆ బట్ట కోసి తీశాడని విన్నాను. అందుకే శివరాత్రి దాటాక పెట్టిన శిబిరంలో, కొమ్మల మీది బట్ట కూడా తీయాలని చెప్పి, నా పుస్తకంలో బట్టకు వేరే గడి గీశాను.

మధ్యాహ్నానికి వాగు అంతా అయిపోయింది. భేస్తాన్ ఆరు సంచులు వెనకబడి ఉంది. ఇంకేం మిగిలిందని చూస్తే పక్కనున్న గట్టు కనిపించింది. అక్కడ ప్లాస్టిక్ తక్కువ. కానీ ఇప్పచెట్ల మొదళ్ళకు బట్ట పేలికలు. రాజమల్లు, అతని జట్టు పదకొండు మంది పైకెక్కారు. మగ్గం పనివాళ్ళ నడుముకు దారం కత్తిరించే చిన్న కటర్ ఉంటుంది. ముడి విప్పడానికి రాకపోతే కోసేశారు. గంటలో ఒక సంచి నిండా తెచ్చి నా ముందు పోశారు.

"చూడరాదన్నా, అన్నీ మన సూరత్ మాలే," అన్నాడు రాజమల్లు ఒకదాన్ని వేళ్ళ మధ్య నలుపుతూ. "గిది వెయిట్‌లెస్ చీర. గిది డూప్లికేట్ షిఫాన్. మనం నేసి పంపితె మల్ల మనమే ఏరవడితిమి."

ఒక్కొక్కటి లెక్కపెట్టాను. నలభై ఒకటి. బట్ట గడిలో రాశాను. పేలిక ఒక్కటికి ఒక సంచి విలువ ఇవ్వమని వాళ్ళు, కుదరదని నవాగామ్ వాళ్ళు గొడవపడ్డారు. ఇప్పచెట్టు మా ఊళ్ళ దగ్గరా ఉంది. పువ్వు ఎవరు ఏరుకుంటే వాళ్ళది. చెట్టుకు గుడ్డ కట్టడం మాలో ఎవరమూ చూడలేదు. మాకు తెలిసిన చెట్టు కాబట్టే దాని గురించి ఎవరినీ అడగాలని తోచలేదు. తెలియని చెట్టయితే అడిగేవాళ్ళమేమో.

మంగళవారం ఫారెస్టు గార్డు ఫోన్ చేశాడు. "ఏం చేసి పోయారయ్యా మీరు?" అన్నాడు గుజరాతీలో. "ఊరు ఊరంతా గట్టు మీద ఉంది."

విషయం ఇది. అడవి అంచున ఉన్న ఆ ఊళ్ళో, పువ్వు రాలే కాలానికి ముందు ఏ చెట్టు ఏ ఇంటిదో తెలియడానికి ఆ ఇంటి ఆడవాళ్ళు తమ పాత చీర పేలిక కట్టుకుంటారు. పేలిక ఉన్న చెట్టు కింద ఇంకొకరు పువ్వు ఏరరు. కాగితం లేదు, సంతకం లేదు. ఆ పేలికే పట్టా. చాలా ఇళ్ళవాళ్ళకు తాతల నాటి చెట్లు కాబట్టి, తిట్టుకుంటూనే మళ్ళీ కట్టుకున్నారు. చిక్కల్లా జమ్నాబెన్‌తో వచ్చింది.

ఆమె భర్త పోయి రెండేళ్ళు. అతని మూడు చెట్లు తనకే రావాలని అతని అన్న, అంటే ఆమె బావ, పట్టుబట్టాడు. కార్భారీ, అంటే ఆ ఊరి పెద్ద, అందరిలో ఒక మాట చెప్పాడు. ఈ ఏడు గడువులోపు జమ్నాబెన్ పేలిక కట్టుకుంటే అవి ఆమెవి. కట్టకపోతే బావవి. ఆమె కట్టింది. ఎవరూ చూడకముందే మేము తీసేశాం. ఆ రోజుతో గడువు అయిపోయింది. మరునాడు పొద్దున బావ మూడింటికీ తన పేలికలు కట్టాడు. "నువ్వు కట్టనేలేదు," అన్నాడు. పువ్వు రాలడానికి పది పన్నెండు రోజులే ఉంది. ఆమె ఇంట్లో వానాకాలమంతా తినేది ఆ పువ్వు ఇచ్చి బదులు తెచ్చుకునే గింజలే.

సార్ చెప్పిన మాట

సార్‌కు చెప్పాను. "పేలికలు గార్డుకు పంపించు. నువ్వు వెళ్ళకు," అన్నారు. "ఊరి ముందు నిలబడి మేమే తీశామని ఒప్పుకున్నావనుకో, వచ్చే ఏడు మనల్ని లోపలికి రానివ్వరు. వాగు మళ్ళీ చెత్తతో నిండుతుంది. ఒక్క ఇంటి మూడు చెట్లా, మొత్తం అడవా? నువ్వే లెక్కవెయ్."

ఆయన చెడ్డవాడు కాదు. ఆ లెక్కలో తప్పు కూడా లేదు. కానీ మొత్తం అడవి కోసం నష్టపోయేది ఎప్పుడూ లెక్క వేసేవాడు కాకపోవడం నాకు నచ్చలేదు. ఆ మాట ఆయనతో అనే ధైర్యం లేక, సెలవు చీటీ రాసి ఇచ్చాను.

గోదాములో బట్ట సంచి ఇంకా ఉంది. రాజమల్లు షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. నేల మీద పరిచి చూశాం. నలభై ఒకటీ ఉన్నాయి.

"నాకు నోరు రాదన్నా పంచాయితిల," అన్నాడు. "నువ్వే చెప్పరాదు?"

"కోసింది నువ్వు. ఏ చెట్టో నాకేం తెలుసు?"

"లెక్కలన్నవు నువ్వు, నీకు తెల్వదా?" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. నా పుస్తకంలో ఎన్నో ఉంది, ఎక్కడివో లేదు.

ఆదివారం ఇద్దరం వెళ్ళాం. కార్భారీ ఇంటి ముందు ఇరవై ముప్ఫైమంది. సంచి విప్పకముందే, తన పేలిక ఎలాంటిదో జమ్నాబెన్‌ను చెప్పమన్నాను. చూసి చెప్పిందనే మాట రాకూడదని. ఆమె సన్నగా, నడి వయసులో ఉంది. తలెత్తి మాట్లాడింది. వాళ్ళ మాటలు తెలుగులో రాస్తున్నాను.

"ఆకుపచ్చ చీర. పసుపు అంచు. పొయ్యి నిప్పు పడి కాలిన మచ్చ ఉంది. ఒక్క చీరనే మూడుగా చింపి కట్టాను."

సంచిలోంచి అలాంటివి రెండే వచ్చాయి. రాజమల్లు రెంటినీ నేల మీద పక్కపక్కన పెట్టి, చిరిగిన అంచుల పోగులు వేలితో సవరించాడు. కాలిన మచ్చ సగం ఒకదానిలో, సగం రెండోదానిలో. రెండూ కలిసి ఒక గుండ్రని మచ్చ అయింది. జనంలో గుసగుస బయల్దేరింది.

"ఇదీ, ఇదీ నేనే కోశాను," అన్నాడు అతను తనకొచ్చిన హిందీలో. "ఒకటి పుట్ట పక్క చెట్టు. ఇంకోటి బండ మీదికి ఒరిగిన చెట్టు. ఈ రెండో ముక్క చూడండి, అవతలి అంచు కూడా చింపినదే. మూడోది ఉండి తీరాలి."

"ఉండొచ్చు," అన్నాడు బావ. "వాళ్ళింట్లో మసిగుడ్డగా ఉండొచ్చు." కొందరు నవ్వారు. అతను నా వైపు తిరిగాడు. "నీ పుస్తకంలో ఎన్ని రాశావు?"

"నలభై ఒకటి."

"ఇక్కడ ఎన్ని ఉన్నాయి?"

"నలభై ఒకటి."

"మరి మూడోది చెట్టుకు ఉంటే నీ లెక్కలోకి రాదా? నీ లెక్క తప్పా?"

నా జీవితంలో నా లెక్క తప్పని నేను ఎవరితోనూ అనలేదు. "నా ముందు పోసినవి నలభై ఒకటి. చెట్లకు ఎన్ని ఉన్నాయో నేను లెక్కపెట్టలేదు," అన్నాను. నిజమే. కానీ అక్కడ అది తప్పించుకునే మాటలా వినిపించింది.

కార్భారీ రాజమల్లును అడిగాడు. "మూడో చెట్టు, వెదురు పొద దగ్గరిది. దానికి ఈ ఆకుపచ్చ పేలిక నువ్వు చూశావా?"

జమ్నాబెన్ అతని ముఖంలోకే చూస్తోంది. ఒక్క మాట, అవునంటే చాలు.

"నేను అటు పోలేదు," అన్నాడు. "చూడనిది చూశానని చెప్పను."

రెండు చెట్లు జమ్నాబెన్‌కు, మూడోది బావకు అని తీర్పు అయింది.

అడగని పదకొండు మంది

ఆ సాయంత్రం భేస్తాన్‌లో, మావాళ్ళు కూర్చునే టీ బండి దగ్గర జరిగింది చెప్పాను. గంగాధర్ అని జట్టులో ఒకడు, గ్లాసు కింద పెట్టాడు.

"ఆకుపచ్చదా? పసుపు అంచుదా? వెదురు పొద కాడ?"

"నీకెలా తెలుసు?" అన్నాను.

"నేనే తీసిన కదన్నా. సీసాల సంచి మూతి చినిగింది, దాంతోని కట్టిన. అది సంచితోనే పాయె."

సీసాల సంచులు బుధవారమే కరిగించే కార్ఖానాకు వెళ్ళిపోయాయి. చేతికందిన పేలికతో మూట కట్టడం మగ్గం మనిషికి ఊపిరి తీసుకున్నంత అలవాటు. అందుకే అది బట్ట కింద నా ముందుకు రాలేదు. రాజమల్లు లేచి అతని మీదికి పోయాడు. "గాడిదా, ముందుగాల చెప్పకపోతివేందిరా?"

"నన్ను ఎవ్వడడిగిండు?" అన్నాడు గంగాధర్.

అదే నిజం. గట్టెక్కింది పన్నెండు మంది, నేను అడిగింది ఒక్కణ్ణి. నలభై ఒకటికి నలభై ఒకటి సరిపోయేసరికి ఇంకెవరినీ అడిగే పని లేదనుకున్నాను. లెక్క సరిపోవడం కన్నా మనిషిని గుడ్డివాణ్ణి చేసేది ఇంకోటి లేదని నాకు అప్పుడు తెలిసింది.

మరుసటి ఆదివారం గంగాధర్‌ను తీసుకుని వెళ్ళాను. అప్పటికే పువ్వు రాలుతోంది. వెదురు పొద దగ్గరి చెట్టు కింద బావ భార్య ఏరుకుంటోంది. కార్భారీ అంతా విన్నాడు.

"నేను నమ్ముతున్నాను," అన్నాడు. "కానీ పేలిక లేదు, సంచి లేదు. ఇప్పుడు మాట మారిస్తే రేపటి నుంచి ప్రతి ఇంటివాడూ వారానికొక సాక్షిని తెస్తాడు."

ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి.

సార్ భయపడినట్టు అనుమతి పోలేదు. గట్టెక్కకూడదన్న షరతుతో మరుసటి ఏడూ వచ్చింది. కానీ వస్తుందని తెలిసి నేను వెళ్ళలేదు, పోతుందని తెలిసి ఆయన వద్దనలేదు. ఇద్దరం ఊహ మీదే నడిచాం. కాబట్టి నేను గెలిచినట్టు చెప్పుకోను.

తర్వాత మార్చినవి

సంచుల సంఖ్య గట్టిగా చదవడం మానేశాను. రెండేళ్ళపాటు అంకెలు తగ్గాయి. సార్ అసంతృప్తిగానే ఉన్నారు, నేను మళ్ళీ మొదలుపెట్టలేదు. శిబిరానికి ముందు రోజు ఊరివాళ్ళలో ఇద్దరితో కలిసి ఆ తావంతా నడవడం మొదలుపెట్టాను. ఏది మాది కాదో వాళ్ళు చూపించేవారు. వాళ్ళకు ఇది కూలి పోగొట్టుకునే రోజు కాబట్టి ఆ రోజు కూలి ట్రస్టు చేత ఇప్పించాను. దానికోసం సార్‌తో ఏడు నెలలు పోరాడాను. ఏదైనా తేడా వస్తే జట్టు పెద్దనొక్కణ్ణే కాక, జట్టులో అందర్నీ విడివిడిగా అడిగేవాణ్ణి. ఎంత చెత్త తెచ్చారన్నది ఎవరైనా రాస్తారు. ఏం ముట్టుకోకుండా వదిలేశారన్నది రాసే పుస్తకం నేను చూడలేదు. అది మీరు మొదలుపెట్టండి.

రాజమల్లు ఇప్పటికీ శిబిరాలకు వెళ్తున్నాడు. ఆ రోజు అవునని ఉండాల్సిందా అని నన్నొకసారి అడిగాడు. వద్దన్నాను. అడగాల్సినవాళ్ళను నేను అడగలేదు, ఆ లోటు అతని అబద్ధంతో పూడ్చడం న్యాయం కాదు. అతను తలూపాడు గానీ ఒప్పుకున్నాడో లేదో తెలియదు.

జమ్నాబెన్ నన్ను తిట్టలేదు. కానీ ప్రతి ఏడూ పువ్వు కాలం అయ్యాక, నేను ఆ ఊరు వెళితే వాకిట్లోకి వచ్చి నిలబడి ఒక్క మాట చెప్పేది. "మూడోది ఈసారి ఐదు గంపలు." మరో ఏడు, "మూడున్నరే, మబ్బులు పట్టాయి." పొద్దున్నే బావ భార్య మోసుకెళ్ళే గంపలు ఆమె లెక్కపెడుతుంది. తన రెండు చెట్లవి ఎన్నో ఎప్పుడూ చెప్పలేదు.

చివరిసారి వెళ్ళినప్పుడు, ఇక రానని చెప్పాను.

"అయితే లెక్క ఎవరికి చెప్పాలి?"

నా తర్వాత వచ్చేవాళ్ళకు చెప్పమన్నాను. అంటే మీలో ఎవరికో. ఆమె వాకిట్లోకి వస్తే ఫోన్ పక్కన పెట్టి నిలబడండి. జాలి చూపించకండి, సంజాయిషీ చెప్పకండి. ఎన్ని గంపలంటే అన్ని గంపలు విని, సరేనని చెప్పి, అప్పుడు పనిలోకి వెళ్ళండి.